గరిజెల చెక్క అనుకున్నారు, బుల్లెట్ అచ్చు అని తేలింది! పాత మౌల్డ్‌ని గుర్తుపట్టడం ఎలా?

ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. ఫోన్ బ్యాటరీల మీద స్క్రిప్ట్ రెడీగా ఉంది, లైట్లు కూడా సెట్ చేసుకున్నాను. ఈలోపు డల్లాస్ నుంచి మా బావ, అంటే మా అక్క వాళ్ళాయన, వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. కింద ఒకటే లైను: "ఏం బామ్మర్దీ, ఇంజినీరువి కదా, ఇదేంటో చెప్పు."

ఫోటోలో రెండు చెక్క పిడులున్నాయి. వాటి చివర అగ్గిపెట్టె సైజులో రెండు ఇనుప దిమ్మలు. పిడులు విడదీస్తే దిమ్మలు పుస్తకంలా తెరుచుకుంటాయి. లోపల ఒక గుంట, సగం ఈ దిమ్మలో, సగం ఆ దిమ్మలో. పైన అటూ ఇటూ తిరిగే ఒక చిన్న ప్లేటు, దానికో రంధ్రం. మొత్తం తుప్పు.

నాకు ఫస్ట్ అనిపించింది నిజంగా కజ్జికాయల అచ్చనే. మా తెనాలి వైపు కజ్జికాయలంటాం, బావ వాళ్ళ కరీంనగర్‌లో గరిజెలు. అప్పుడు వాళ్ళ అమ్మానాన్నా కూడా డల్లాస్‌లోనే ఉన్నారు. మామయ్య దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి "గరిజెల చెక్క లెక్కనే ఉంది గదరా, గట్టిగుంది, ఇంటికి తీస్కపోదాం" అన్నారట. పది రోజుల్లో వాళ్ళకి హైదరాబాద్ ఫ్లైట్. అత్తయ్య సూట్‌కేసులో దానికి చోటు కూడా చూసేశారు.

ఇది బావకి ఎక్కడ దొరికిందంటే, ఎస్టేట్ సేల్‌లో. అమెరికాలో ఇంటి పెద్దవాళ్ళు పోయాక ఇంట్లో సామానంతా అలాగే పెట్టి, తలుపులు తెరిచి అమ్మేస్తారు. బావ కొత్తగా చేపలు పట్టడం మొదలెట్టాడు. గాలాలు, దారాలు ఉన్న ఒక పాత డబ్బా 20 డాలర్లకి తెచ్చుకున్నాడు. అందులో అడుగున ఉంది ఇది.

రెండో ఫోటో చూశాక నాకు నవ్వాగిపోయింది. అందులో మా మేనకోడలు, 14 నెలల పిల్ల, ఆ చెక్క పిడిని నోట్లో పెట్టుకుని ఉంది. గుంట అంచుల్లో బూడిద రంగులో, గోరుతో గీస్తే మెరిసేలా ఏదో అంటుకుని ఉంది. అది సీసం.

వెంటనే కాల్ చేశాను. ముందు దాన్ని పిల్లకి అందని చోట పెట్టమన్నాను, జిప్ కవర్లో వేసి. అందరూ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అది పెట్టిన టేబుల్‌ని తడిగుడ్డతో తుడవాలి, పొడిగా దులపకూడదు, దులిపితే ధూళి లేస్తుంది. పిల్లల డాక్టర్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాలి. సీసం విషయంలో పిల్లలకి ఇంతవరకు పర్లేదు అనే మోతాదు ఏదీ తెలియదు. అమెరికా సీడీసీ వాళ్ళు పిల్లల రక్తంలో సీసానికి పెట్టుకున్న రెఫరెన్స్ విలువని 2021లో డెసీలీటరుకి 5 మైక్రోగ్రాముల నుంచి 3.5కి తగ్గించారు. అంటే అంతకు మించిన పిల్లల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాలని. డాక్టర్ రక్తపరీక్ష రాశారు. ఆ రిజల్ట్ సంగతి తర్వాత చెప్తాను.

సరే, ఇప్పుడు వస్తువు దగ్గరికొద్దాం. సీసం అచ్చు అని తెలిసింది. కానీ సీసం పోసేవన్నీ బుల్లెట్ అచ్చులు కావు. చేపల డబ్బాలో దొరికింది కాబట్టి గాలానికి కట్టే బరువుల అచ్చు కావచ్చు కదా? కావచ్చు. చూడ్డానికి ఇవి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా గుంటలో ఉంటుంది. గాలం బరువుకి దారం కట్టాలి కాబట్టి, తీగ పెట్టడానికో దారం పోవడానికో గుంటలోంచి బయటికి ఒక సన్నటి కాలువ ఉంటుంది. బుల్లెట్ గుంటకి అదుండదు. ఒక చివర గుండ్రంగానో చప్పగానో ముక్కు, ఇంకో చివర సమంగా కోసినట్టు అడుగు, మధ్యలో చుట్టూ ఉంగరాల్లాంటి గాడులు ఉంటాయి. ఆ గాడుల్లో మైనం లాంటి గ్రీజు పెడతారు, సీసం తుపాకీ గొట్టానికి అంటుకోకుండా. బావ పంపిన ఫోటో జూమ్ చేస్తే ఉంగరాలు స్పష్టంగా కనిపించాయి. అడుగు దగ్గర ఒక చిన్న మెట్టు కూడా ఉంది. ఈ మెట్టుని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

ఇంకో మాట. మనం బుల్లెట్ అంటే మొత్తం ఇత్తడి గొట్టంతో సహా అనుకుంటాం. అది కార్ట్రిడ్జ్. ఎగిరి వెళ్ళే ముందు ముక్క ఒక్కటే బుల్లెట్. ఈ అచ్చు ఆ ముక్క కోసమే. అమెరికాలో ఇది బాగా పాత హాబీ. అక్కడ వందేళ్ళ నాటి అచ్చులు కూడా ఇంకా చేతులు మారుతుంటాయి. డబ్బా పోతుంది, కాగితం పోతుంది, దిమ్మలు మాత్రం మిగులుతాయి. అందుకే "ఇది ఏ మోడల్" అనే ప్రశ్న వస్తుంది.

నేను బావకి చెప్పిన మొదటి టెస్ట్ ఫ్రిజ్ మాగ్నెట్. అంటుకుంటే ఇనుమో ఉక్కో, లేకపోతే అల్యూమినియమో ఇత్తడో. లీ అనే కంపెనీ అచ్చులు అల్యూమినియం, తేలిగ్గా తెల్లగా ఉంటాయి. లైమన్, ఆర్‌సీబీఎస్ వాళ్ళవి ఎక్కువగా ఇనుము. కోల్ట్ రివాల్వర్ల కాలం నాటివైతే ఇత్తడివి కూడా ఉంటాయి, ఒక గుంట గుండ్రటి గోళీకి, పక్కనే ఇంకో గుంట కోసుగా ఉండే బుల్లెట్‌కి. బావది అంటుకుంది. ఒకటే గుంట.

తర్వాత రాతలు. "ఏమైనా నంబర్ ఉందా బావా?" అంటే "37 అని ఉంది" అన్నాడు. ఇద్దరం గంటసేపు ఆ 37 పట్టుకుని వెతికాం. ఏమీ రాలేదు. చివరికి తట్టింది, "రెండో దిమ్మ మీద ఏముంది?" అన్నాను. అక్కడా 37. అప్పుడర్థమైంది, అది జత నంబర్. ఫ్యాక్టరీలో రెండు సగాల్ని కలిపి గుంట తొలిచాక అవి విడిపోయి వేరే జతలతో కలిసిపోకుండా రెండింటి మీదా ఒకే అంకె కొడతారు. మన ఊళ్ళో చెప్పుల స్టాండ్‌లో టోకెన్ ఇచ్చినట్టు. మోడల్‌కి దానితో సంబంధం లేదు. కాబట్టి ఒకే చిన్న అంకె రెండు సగాల మీదా ఉంటే ముందు దాన్ని జత నంబర్‌గానే అనుమానించండి.

బావ చేతికి గ్లవ్స్ వేసుకుని, కాస్త మిషన్ ఆయిల్ వేసి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్దాడు. బయటి వైపు మాత్రమే. గుంట లోపల వైర్‌బ్రష్, ఎమరీ పేపర్ అస్సలు పెట్టకూడదు, పెడితే కొలత మారిపోతుంది, అచ్చు పనికిరాకుండా పోతుంది. తుప్పు కింద నుంచి ఒక్కో అంకె బయటికొచ్చింది: 311291.

ఇక్కడ నేను ఇంజినీర్ తెలివి చూపించాను. "బావా, ఈజీ. 311 అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో వ్యాసం, 291 అంటే గ్రెయిన్లలో బరువు" అని కాన్ఫిడెంట్‌గా చెప్పేశాను. మొదటి సగం కరెక్ట్. రెండో సగం తప్పు.

తప్పని ఎలా తెలిసిందో చెప్తాను, ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన పార్ట్ ఇదే. బీటెక్ ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్‌లో వెర్నియర్ కాలిపర్ పట్టుకున్నప్పుడు "ఇది జీవితంలో ఎక్కడ పనికొస్తుంది" అనుకున్నవాళ్ళలో నేనొకడిని. బావ దగ్గర డిజిటల్‌ది ఉంది. గుంట వెడల్పు 7.9 మిల్లీమీటర్లు వచ్చింది. 0.311 అంగుళాన్ని 25.4తో గుణిస్తే 7.9. సరిపోయింది. గుంట పొడవు 25 మిల్లీమీటర్లకి కొంచెం తక్కువ. ఇప్పుడు లెక్క వేయండి. ముక్కు, గాడులు ఏవీ లేకుండా నిండు సిలిండర్ అనుకున్నా, 7.9 మిల్లీమీటర్ల వ్యాసానికి వైశాల్యం సుమారు 49 చదరపు మిల్లీమీటర్లు. పొడవు 25. ఘనపరిమాణం సుమారు 1.2 ఘన సెంటీమీటర్లు. సీసం సాంద్రత 11.34. అంటే అటూ ఇటూగా 14 గ్రాములు. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు, కాబట్టి గరిష్ఠంగా 215 గ్రెయిన్లు. నేను చెప్పిన 291 ఆ గుంటలో పట్టనే పట్టదు. ముక్కు దగ్గర సన్నబడింది, గాడులున్నాయి, అవి తీసేస్తే 170 చుట్టుపక్కలకి వస్తుంది.

విషయం ఏంటంటే, ఆరంకెల నంబర్ పద్ధతి లైమన్ వాళ్ళది. అంతకుముందు అది ఐడియల్ అనే కంపెనీది. జాన్ బార్లో అనే ఆయన 1884లో కనెక్టికట్ రాష్ట్రంలో పెట్టాడు. చేతులు మారి 1925లో లైమన్ దగ్గరికి చేరింది. ఐడియల్ పేరు ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు నడిచింది కాబట్టి, అచ్చు మీద ఐడియల్ అని ఉన్నంత మాత్రాన 1925కి ముందుదని చెప్పలేం. వాళ్ళ పద్ధతిలో మొదటి మూడు అంకెలు వ్యాసం, మిగిలినవి డిజైన్ వరుస నంబర్. డేటాబేస్‌లో ఐడీ లాంటిది. అందులో బరువు దాగి ఉండదు. 429421 అంటే 0.429 అంగుళం, 421వ డిజైన్. ఎల్మర్ కీత్ అనే ఆయన గీసిన పేరున్న డిజైన్ అది, బరువు దాదాపు 250 గ్రెయిన్లు. 421 గ్రెయిన్లు అనుకుంటే అయిపోయాం.

ఆర్‌సీబీఎస్ వాళ్ళు మాత్రం బరువుని నంబర్‌లోనే పెడతారు. 30-180-ఎఫ్ఎన్ అంటే 30 కేలిబర్, 180 గ్రెయిన్లు, చప్పటి ముక్కు. లీ వాళ్ళదీ అదే దారి. సీ309-170-ఎఫ్ అంటే 0.309 అంగుళం, 170 గ్రెయిన్లు, ఫ్లాట్ ముక్కు. ముందున్న 'సీ'కి అర్థం గ్యాస్ చెక్ పడుతుందని. గ్యాస్ చెక్ అంటే బుల్లెట్ అడుగున తొడిగే చిన్న రాగి టోపీ, వేడి గ్యాస్ సీసాన్ని కరిగించకుండా. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మెట్టు దాని కోసమే. హెన్స్లీ అండ్ గిబ్స్ అని పాత పేరున్న కంపెనీ ఇంకొకటుండేది. వాళ్ళు 68, 50 అని ఉత్త నంబర్ కొట్టేవారు. 68 అంటే 45 కేలిబర్‌కి 200 గ్రెయిన్ల బుల్లెట్ అని వాళ్ళ కేటలాగ్ చూస్తే తప్ప తెలియదు. పాత విన్‌చెస్టర్ అచ్చులైతే వ్యాసం గొడవే లేకుండా కార్ట్రిడ్జ్ పేరే కొట్టేస్తారు, 38 డబ్ల్యూసీఎఫ్ అని. కోడింగ్ చేసినవాళ్ళకి ఇది తెలిసిన బాధే. ప్రతి టీమ్‌కీ ఒక నేమింగ్ కన్వెన్షన్ ఉంటుంది, డాక్యుమెంటేషన్ మాత్రం ఎవడో మానేసి వెళ్ళినవాడి దగ్గర ఉంటుంది.

కాబట్టి నంబర్ చదివేముందు అది ఏ కంపెనీ నంబరో తేల్చుకోవాలి. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. పిడులు, దిమ్మలు వేరువేరుగా ఊడొస్తాయి. ఒక కంపెనీ పిడులకి ఇంకో కంపెనీ దిమ్మలు బిగించి ఉండటం చాలా మామూలు. పిడి మీదో డబ్బా మీదో ఉన్న పేరు చూసి దిమ్మ కంపెనీని నిర్ణయించొద్దు. దిమ్మ మీద ఉన్నదే చూడండి. ఆ నంబర్‌ని కూడా కొలతతో సరిచూడండి, ఎందుకంటే కొందరు గుంటని కావాలని అరగదీసి పెద్దది చేసుకుంటారు. నంబర్ పాతదే ఉంటుంది, సైజు మారిపోతుంది.

వ్యాసం తెలిసింది కదా, ఏ తుపాకీదో చెప్పేయొచ్చా అంటే, అక్కడా పేర్లు మోసం చేస్తాయి. 38 స్పెషల్ అంటారు, దాని బుల్లెట్ 0.357 లేదా 0.358 అంగుళం. 44 మాగ్నమ్ అంటారు, అది 0.429. ఒకప్పటి కార్ట్రిడ్జ్‌ల కొలతల నుంచి వచ్చిన పేర్లు అలాగే మిగిలిపోయాయి. అందుకే పేరుతో కాకుండా కొలతతో వెతకాలి. గుంట ఆకారం కూడా కాలాన్ని చెప్తుంది. అడుగున బోలుగా, లోపల ఒక పిన్ను ఉంటే, అది ఫ్రాన్స్‌కి చెందిన మినీయే 1849 ప్రాంతంలో తెచ్చిన డిజైన్ వంశం కావచ్చు. లైమన్ 575213 అలాంటిదే, అమెరికా అంతర్యుద్ధం నాటి రైఫిళ్ళకి పనికొచ్చేది. మన 1857లో గొడవకి కారణమైన ఎన్‌ఫీల్డ్ తూటా కూడా ఆ కుటుంబానిదే. కొవ్వు పూసింది దాని కాగితం చుట్టుకి.

ఇప్పుడు బావ అచ్చు సంగతి తేలిపోయింది. లైమన్ 311291, దాదాపు 170 గ్రెయిన్లు, గుండ్రటి ముక్కు, గ్యాస్ చెక్ పడుతుంది. ముఖ్యంగా వాడేది 30-30 విన్‌చెస్టర్‌కి. 1895లో వచ్చిన కార్ట్రిడ్జ్ అది, అమెరికాలో జింకల వేటకి తరతరాలుగా వాడుతున్నది. ఖచ్చితమైన బరువు మాత్రం పోసే లోహాన్ని బట్టి మారుతుంది. సీసంలో తగరం, ఆంటిమొనీ కలిస్తే అదే గుంటలో బుల్లెట్ తేలికవుతుంది. పాత పత్రికల ప్రెస్సుల్లో అక్షరాలు పోసింది కూడా ఈ మూడింటి మిశ్రమంతోనే. ప్రెస్సులు మూసేశాక ఆ అక్షరాల లోహం అమెరికాలో కొంత ఈ హాబీ వాళ్ళ దగ్గరికి పోయింది.

ఈ గ్రెయిన్ అనేది మనకేం పరాయి కొలత కాదండోయ్. బ్రిటిష్ కాలంలో తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖరారు చేశారు, 11.66 గ్రాములు. ఇవాళ షాపుల్లో తులం అంటే 10 గ్రాములంటున్నారు కానీ, పాత తులం అదే. అంటే బావ అచ్చులో పోసే బుల్లెట్ తులానికి పది గ్రెయిన్లు తక్కువ. ఇది అత్తయ్యకి చెప్తే "తులం సీసం ఏం జేస్కోను, తులం బంగారం జెప్పు" అన్నారు.

ఇక సూట్‌కేసు. ఇక్కడ మాత్రం నేను సీరియస్‌గానే చెప్పాను. మన ఆయుధాల చట్టం, 1959 నాటిది, సెక్షన్ 2లో మందుగుండు అంటే ఏమిటో నిర్వచించింది. అందులో తూటాల భాగాలు, తూటాలు తయారుచేసే యంత్రసామగ్రి కూడా ఉన్నాయి. లైసెన్స్ లేకుండా దేశంలోకి తేవడం గురించి సెక్షన్ 10 ఉంది. తుప్పు పట్టిన చేతి అచ్చు "యంత్రసామగ్రి" కిందికి వస్తుందా రాదా అని వాదించొచ్చు. నేను లాయర్‌ని కాదు. కానీ ఆ వాదన అర్ధరాత్రి శంషాబాద్ కస్టమ్స్ దగ్గర, 22 గంటలు ప్రయాణం చేసొచ్చిన మామయ్య, "గరిజెల కోసం తెచ్చినం సార్" అంటూ చెయ్యాలా? మీలో ఎవరైనా పాత ఇనుము కొట్లో ఇలాంటిది చూసి, ముచ్చటపడి కొందామనుకున్నా ఇదే మాట. ముందు ఏంటో తేల్చుకోండి, బుల్లెట్ అచ్చు అని తేలితే ఫోటోతో ఆపేయండి.

మామయ్య ఒక పూట అలిగారు. "మస్తు గట్టిగుండె" అని రెండుసార్లు అన్నారట. బావ వాళ్ళ వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయన దగ్గర వాళ్ళ నాన్న వాడిన విన్‌చెస్టర్ 94 ఉంది, సరిగ్గా 30-30. బావ జిప్ కవర్‌తో సహా తీసుకెళ్ళి ఇచ్చేశాడు. ఆయన నంబర్ చూడగానే, కవర్ తెరవకుండానే "291" అన్నాడట. మాకు మూడు రోజులు పట్టింది! బదులుగా ఎండబెట్టిన జింక మాంసం ఇచ్చాడు. బావ శాకాహారి. అది ఇంకా వాళ్ళ ఫ్రీజర్‌లో ఉంది.

పాప రిపోర్ట్ నాలుగో రోజు వచ్చింది. డెసీలీటరుకి 1 మైక్రోగ్రాము కన్నా తక్కువ. అక్క ఆ రిపోర్ట్ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది, కింద నాన్న పదిహేను దండాల ఎమోజీలు పెట్టారు.

అత్తయ్య మాత్రం సూట్‌కేసులో ఆ చోటు ఖాళీగా వదల్లేదు. డల్లాస్‌లో ఇండియన్ స్టోర్‌లో మూడు డాలర్లు పెట్టి ప్లాస్టిక్ గరిజెల చెక్క కొన్నారు. దాని వెనక మేడ్ ఇన్ ఇండియా అని ఉంది.